భయానికి ఒంటరివాళ్లే లోకువ

పుకారు ఊరిని వణికిస్తుంది. ఒక్క ఫోన్ కాల్ ఇంటిని వణికిస్తుంది. రెండింటి ఎత్తుగడా ఒకటే... మనిషిని మనిషి నుంచి విడదీయడం. అందుకే రెండింటికీ విరుగుడు కూడా ఒక్కటే!

అది 2018 మార్చి నెల. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉండే నడిగడ్డ సీమలో ఎండలు ముదురుతున్నాయి. అక్కడ వేసవి వచ్చిందంటే రాత్రిళ్లు మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేస్తాయి. పెద్దవాళ్లు అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటుంటే పిల్లలు వీధంతా తమదే అన్నట్టు ఆడుకుంటారు. అలాంటిది, జోగులాంబ గద్వాల జిల్లాలో ఓ పల్లెకు వెళ్లిన పోలీసుకు వింత దృశ్యం కనిపించింది. పొద్దుగూకేసరికి వీధులు నిర్మానుష్యం. ఇళ్లకు గడియలు. అంత ఉక్కపోతలోనూ జనం లోపలే పడుకుంటున్నారు. పిల్లల అలికిడే లేదు.

ఏమైందని ఆరా తీస్తే, కారణం చేతిలోని ఫోన్లలో దొరికింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయట. కిడ్నీలు, గుండెలు కోసి అమ్ముకుంటాయట. పక్క ఊళ్లో ఇద్దరు పిల్లలు మాయమయ్యారట. అన్నీ 'అట'లే! చూసినవాళ్లు ఒక్కరూ లేరు, విన్నవాళ్లు మాత్రం ఊరంతా ఉన్నారు.

అప్పట్లో గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి. 2009 బ్యాచ్ ఐపీఎస్ అధికారి. ఆ సమాచారం అందగానే ఆమె దాన్ని 'పల్లె జనం అమాయకత్వం' అని కొట్టిపారేయలేదు. ఈ భయం ఎక్కడికి దారితీస్తుందో ఆమె ముందే ఊహించారు. ఆ ఊహ ఎంత నిజమో తర్వాతి నాలుగు నెలల్లో దేశం చూసింది.

కారు కంటే ముందే చేరిన వీడియో

ఆ వేసవిలో ఊరూరా తిరిగిన ఒక వీడియో సంగతి చూడండి. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. బైకు మీద ఇద్దరు వచ్చి, ఒక పిల్లాణ్ని అమాంతం ఎత్తుకుని దూసుకుపోతారు. చూసిన ఏ తల్లికైనా గుండె ఆగినంత పనవుతుంది. కానీ అది మన దేశంలో జరిగింది కాదు. అసలు జరిగిన కిడ్నాపే కాదు! పాకిస్థాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత కోసం పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రమది. అసలు వీడియోలో ఆ బైకు మళ్లీ వెనక్కి వస్తుంది. పిల్లాణ్ని క్షేమంగా దింపి, 'పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త' అనే అర్థం వచ్చే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. పిల్లల్ని కాపాడడానికి తీసిన సినిమా పెద్దవాళ్ల ప్రాణాలు తీసే ఆయుధమైపోయింది.

ఫలితం... 2018 మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. రంజాన్ నెల కదా, నాలుగు డబ్బులు అడుక్కుందామని పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురు బలయ్యారు. వాళ్లు ఊరూరా తిరిగి భిక్షాటన చేసే సంచార కులస్థులు. ఆదివారం సంత రోజున బస్సు దిగడమే వాళ్ల నేరం! ఆ తర్వాత రెండు వారాలైనా కాకముందే, జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో మరో ఘోరం. స్నేహితులతో కలిసి వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు గుంపు చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ బృందం దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. అంతే, అనుమానం మొదలైంది. వాదన పెరిగింది. వాళ్లు కారెక్కి బయటపడబోయారు. కానీ అప్పటికే వీడియో వాట్సప్ గ్రూపులోకి ఎక్కేసింది. కారు కంటే ముందే అది ముర్కి అనే ఊరు చేరింది. అక్కడ జనం దారికి అడ్డంపడ్డారు.

'నిజం నిలకడ మీద తెలుస్తుంది' అంటారు మన పెద్దలు. నిజమే. కానీ ఆ నిలకడ దొరికేలోపు ముర్కిలో ఒక మనిషి ప్రాణం పోయింది.

ఒకప్పుడు వాళ్లు మనవాళ్లే!

ఈ దాడుల్లో ఎక్కువగా బలైంది ఎవరో గమనించారా? బిచ్చగాళ్లు, సంచార జాతులవాళ్లు, వేరే భాష మాట్లాడే కూలీలు, మతిస్థిమితం లేనివాళ్లు. అంటే 'నేను ఫలానా' అని చెప్పుకోవడానికి ఊళ్లో తెలిసిన ముఖం ఒక్కటీ లేనివాళ్లు.

మన పల్లెలకు కొత్తవాళ్లు రావడం కొత్తేమీ కాదు. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లు, హరిదాసు వచ్చేవారు. తెల్లవారుజామున బుడబుక్కలవాడు వచ్చేవాడు. పగటివేషాల వాళ్లు, సోది చెప్పే ఎరుకలసాని, పాములవాళ్లు... వీళ్లెవరూ ఆ ఊరివాళ్లు కారు. అయినా ఊరికి పరాయివాళ్లూ కారు. ఏ నెలలో ఎవరొస్తారో ఇల్లాళ్లకు తెలుసు. 'పోయినేడు మీ నాన్న వచ్చాడు కదా, ఏడీ?' అని అడిగేంత చనువు ఉండేది. చేటలో బియ్యం తెచ్చి జోలెలో పోసేటప్పుడు నాలుగు మాటలు నడిచేవి. ఆ నాలుగు మాటలే ఆ మనిషికి గుర్తింపు కార్డు.

ఆ రాకపోకలు తగ్గిపోయాయి. మాటలు తెగిపోయాయి. ఇప్పుడు అదే జోలె భుజాన వేసుకుని వచ్చిన మనిషి 'అనుమానితుడు'. 2018లో తెలుగు జిల్లాల్లో తిరిగిన పుకార్లలో 'పార్థీ గ్యాంగ్' పేరు మార్మోగిపోయింది. ఈ పార్థీలు ఎవరు? బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే నేరగాళ్లుగా ముద్రపడ్డవాళ్లు. మన దగ్గర ఎరుకలవాళ్లకు కూడా అదే ముద్ర వేశారు. ఆ చట్టం పీడ 1952లో వదిలింది. కానీ చట్టం వదిలేసినా పుకారు వదల్లేదు. భయం పుట్టించాలనుకున్నవాడికి పాత ముద్రలన్నీ తయారుగా ఉన్న సరుకే!

డప్పు మోగింది... మంచం బయటికొచ్చింది

మళ్లీ గద్వాలకు వద్దాం. పోలీసులు చేసింది మనం అనుకునేంత హైటెక్ పని కాదు. ఒక్కో కానిస్టేబుల్‌కు కొన్ని ఊళ్లు అప్పగించారు. తరచూ వెళ్లాలి. కేసు ఉన్నా లేకపోయినా వెళ్లాలి. రచ్చబండ దగ్గర కూర్చోవాలి. పేరుపేరునా పలకరించాలి. ఊళ్లో మనుషులకు ఆ పోలీసు ముఖం తెలియాలి, ఆయన ఫోన్ నంబరు తెలియాలి. రెండు జిల్లాల్లో కలిపి దాదాపు 400 పల్లెల్లో ఈ పద్ధతి నడిచింది.

పుకార్లు మొదలయ్యాక ఇదే అక్కరకొచ్చింది. సిబ్బందికి ముందుగా శిక్షణ ఇచ్చారు. నకిలీ వీడియో అంటే ఏమిటి, దాన్ని జనానికి ఎలా విడమర్చి చెప్పాలి అని. తర్వాత ఇంటింటికీ వెళ్లారు. డప్పు కొట్టి చాటింపు వేయించారు. కళాకారులతో పాటలు కట్టించి, ఊళ్లో జనం మధ్య పాడించారు. సర్పంచుల్ని కలుపుకున్నారు. గ్రామాల వాట్సప్ గ్రూపుల్లో పోలీసులూ చేరారు. అనుమానం వస్తే చెయ్యి చేసుకోవద్దు, మాకు ఫోన్ చేయండి అన్నారు.

'ఇది అబద్ధం' అని ఎక్కడో రాజధానిలో కూర్చుని ప్రకటన ఇవ్వడం వేరు. 'అన్నా, ఆ వీడియో నాకూ వచ్చింది. అది మన దగ్గరిది కాదు. ఏదైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా వస్తా' అని వాకిట్లో నిలబడి చెప్పడం వేరు. మాట ఒక్కటే. కానీ రెండోదాని వెనుక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రేపు మళ్లీ వస్తాడు. తప్పని తేలితే నిలదీయొచ్చు.

దేశంలో చాలాచోట్ల ఆ పుకార్లు మనుషుల్ని చంపుతున్న రోజుల్లో, ఆ 400 పల్లెల్లో ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ సంగతి విదేశీ పత్రికలు సైతం రాశాయి.

అబద్ధానికి ఎందుకంత వేగం?

చిత్రంగా అదే 2018 మార్చిలో, అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1.26 లక్షల వార్తల్ని వాళ్లు జల్లెడ పట్టారు. ఒక అబద్ధం 1,500 మందికి చేరడానికి పట్టే సమయంతో పోలిస్తే, నిజానికి ఆరు రెట్ల సమయం పట్టిందట! దీన్ని యంత్రాలు చేస్తున్నాయేమో అనుకున్నారు. లెక్కల్లోంచి వాటిని తీసేసి చూసినా తేడా అలాగే ఉంది. పంచుతున్నది మనుషులే. అబద్ధపు వార్తలకు వచ్చిన స్పందనల్లో ఆశ్చర్యం, భయం, ఏవగింపు ఎక్కువగా కనిపించాయి. నిజమైన వార్తలకు వచ్చినవాటిలో నమ్మకం, విషాదం, సంతోషం లాంటివి ఎక్కువ.

అంటే భయపడిన వేలు తొందరగా నొక్కుతుంది. వాట్సప్ సంస్థ కూడా ఈ తొందరకు కళ్లెం వేయాల్సి వచ్చింది. 2018 జులైలో 'ఫార్వర్డెడ్' అనే గుర్తు తెచ్చింది. మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చాట్‌కు మాత్రమే పంపేలా కట్టడి చేసింది. 2018 జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులపై తీర్పు ఇస్తూ, ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒకరిని వీటి నివారణ బాధ్యుడిగా పెట్టాలంది.

ఇవన్నీ అవసరమే. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ఆ వీడియోల్ని మనకు పంపింది ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. బాబాయి, బడి స్నేహితుడు, పక్కింటి ఆంటీ. తెలిసినవాళ్లు పంపారు కాబట్టే నమ్మాం! మరి 'తెలిసినవాళ్ల మాటే మందు' అంటే ఎలా? తేడా ఒక్క ప్రశ్నలో ఉంది. 'నీకెవరు చెప్పారు?' అని అడిగి చూడండి. ఫార్వర్డ్ చేసిన బాబాయి దగ్గర జవాబుండదు, 'ఎవరో పంపారు, జాగ్రత్తగా ఉంటారని పంపా' అంటాడు. ఎదురుగా కూర్చుని అడిగే చనువు, 'తెలియదు' అని ఒప్పుకునే నిజాయతీ... ఈ రెండూ ఉన్నదే అసలైన సంబంధం. గ్రూపులో 250 మంది ఉండడం కాదు.

ఈసారి భయం ఇంట్లోకే వచ్చింది

ఊళ్లను వణికించిన భయం ఇప్పుడు ఒక్కొక్కరినే ఎంచుకుంటోంది. దాని కొత్త పేరు 'డిజిటల్ అరెస్ట్'.

పద్ధతి చాలామందికి తెలిసిందే. ఫోన్ మోగుతుంది. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయంటారు. లేదా మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో నల్లధనం ఉందంటారు. వీడియో కాల్‌లోకి యూనిఫాం వేసుకున్న మనిషి వస్తాడు. వెనకాల స్టేషన్‌లాంటి సెట్టింగ్. వారెంట్ కాగితం, దానిమీద ముద్ర. ఆ తర్వాత వస్తుంది అసలు మాట. 'ఇది రహస్య విచారణ. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. గది తలుపు వేసుకోండి. కెమెరా ఆపకూడదు.'

జాగ్రత్తగా చూస్తే, ఈ మోసంలో ఆయువుపట్టు ఆ యూనిఫామూ కాదు, ఆ ముద్రా కాదు. 'ఎవరికీ చెప్పకూడదు' అన్న ఆ ఒక్క మాటే! భార్యకో, కొడుక్కో, ఎదురింటాయనకో ఒక్క ముక్క చెబితే ఆ నాటకం అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ సంగతి మోసగాడికి బాగా తెలుసు. అందుకే డబ్బు అడగడానికి ముందు మనుషుల్ని దూరం చేస్తాడు.

చదువుకున్నవాళ్లు కూడా ఎలా మోసపోతారని ఆశ్చర్యపోనక్కర్లేదు. 2024లో పంజాబ్‌కు చెందిన 80 ఏళ్లు దాటిన ఒక పెద్ద పారిశ్రామికవేత్త ఇలాగే 7 కోట్ల రూపాయలు పంపించారు. ఆయన్ని భయపెట్టడానికి ఆన్‌లైన్‌లో ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే నటించి చూపారు! దేశం మొత్తమ్మీద డిజిటల్ అరెస్టు, దాని తరహా నేరాలపై 2022లో 39,925 ఫిర్యాదులు వస్తే, 2024లో అవి 1,23,672కు పెరిగాయి. పోయిన సొమ్ము 91 కోట్ల రూపాయల నుంచి 1,935 కోట్లకు ఎగబాకింది. 2025 మార్చిలో కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్కలివి. నకిలీ కోర్టు ఉత్తర్వులు చూపి తమను దోచుకున్నారని హరియాణాలోని అంబాలా నుంచి వృద్ధ దంపతులు మొరపెట్టుకోవడంతో 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

అవతలి గొంతు కథ ఇంకోటి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠా గుట్టు రట్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపించారు. అక్కడ పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. సైబర్ మోసాలు చేయాల్సిందేనని హింసించారు. ఎదురుతిరిగినవాళ్లలో కొందరు అదే నెలలో విశాఖకు తిరిగొచ్చారు. అంటే భయపెట్టే పని చేస్తున్నవాళ్లలో కొందరు తామే భయం గుప్పిట్లో ఉన్నవాళ్లు. ఇంటికి, ఊరికి దూరంగా, పాస్‌పోర్టు లేకుండా. అక్కడ కూడా సూత్రం అదే... ముందు ఒంటరిని చెయ్, తర్వాత చెప్పిందల్లా చేయించు.

బ్యాంకు కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న

2024 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘటన ఇది. ఓ ప్రభుత్వరంగ బ్యాంకు శాఖకు ఏళ్లుగా వస్తున్న 61 ఏళ్ల ఖాతాదారు, తన ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి 13 లక్షల రూపాయలు పంపాలన్నారు. ఆయన కంగారు కౌంటర్‌లోని ఉద్యోగినికి వింతగా అనిపించింది. ఎందుకని అడిగితే ఆస్తి కొంటున్నానన్నారు. అలా చెప్పమని నేర్పింది అవతలివాడే! ఆమె పని జరిపించేయలేదు. మేనేజరుకు చెప్పారు. 'ఇంట్లోవాళ్లను ఎవరినైనా తీసుకురండి' అన్నారు బ్యాంకువాళ్లు. ఆయన ఒకటికి రెండుసార్లు తిరిగినా వాళ్లు మెత్తబడలేదు. చివరికి అసలు విషయం బయటపడింది. వెంటనే 1930కి ఫోన్ చేసి మాట్లాడించారు. సొమ్ము దక్కింది.

గద్వాల కానిస్టేబుల్ చేసిన పనికీ, ఈ ఉద్యోగిని చేసిన పనికీ పెద్ద తేడా లేదు. రోజూ చూసే ముఖంలో మార్పు కనిపెట్టారు. ఎందుకని అడిగారు. అడిగి వదిలేయలేదు, తోడుగా నిలబడ్డారు.

మరి ఆ ఖాతాదారు ఇంట్లోనే ఎందుకు చెప్పలేదు? భయం ఒక కారణం. సిగ్గు ఇంకో కారణం. మన ఇళ్లలో పెద్దాయన ఫోన్‌లో ఏదైనా తప్పు నొక్కితే ఏమంటాం? 'ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా, తెలియకపోతే ముట్టుకోవద్దని!' ఈ ఒక్క విసుగు చాలు, రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు ఆయన నోరు మెదపకపోవడానికి. పిల్లల విషయంలోనూ అంతే. మార్కుల గురించి భయపడి దాచేవాడు, బెదిరింపు మెసేజ్ వచ్చినా దాస్తాడు. తిట్లు తప్పవనుకున్న ఇంట్లో నిజం నోరు విప్పదు. మోసగాడికి కావాల్సింది అలాంటి ఇల్లే.

ప్రధాని నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27 నాటి 'మన్ కీ బాత్'లో ఈ మోసాల గురించి చెబుతూ మూడు మెట్లు సూచించారు. ఆగండి, ఆలోచించండి, తర్వాతే అడుగేయండి అని. బాగుంది. కానీ భయంలో ఉన్న మనిషికి ఒంటరిగా ఆలోచన సాగదు. అందుకే మన తెలుగిళ్లలో ఆ మూడింటి మధ్యలో ఇంకో మాట కలుపుకోవాలి... అడగండి! ఎవరినో ఒకరిని, ఎదురుగా ఉన్న మనిషిని, అడగండి.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాల్సినవి

* చట్టంలో 'డిజిటల్ అరెస్ట్' అన్నదే లేదు. వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయలేరు. పోలీసులు ఇచ్చే హాజరు నోటీసును వాట్సప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.
* 'ఎవరికీ చెప్పొద్దు' అని అవతలివాళ్లు అన్నారంటే, వెంటనే ఎవరికో ఒకరికి చెప్పాలన్నమాట. ఫోన్ పెట్టేసి పక్కగదిలోకి వెళ్లండి. ఒంటరిగా ఉంటే ఎదురింటి తలుపు కొట్టండి.
* డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. 1930 నంబరుకు ఎంత తొందరగా ఫోన్ చేస్తే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.
* భయపెట్టే వీడియో వస్తే పంపినవాళ్లను అడగండి... ఎక్కడిది, ఎప్పటిది, నువ్వు చూశావా? జవాబు లేకపోతే అది మీ దగ్గరే ఆగిపోవాలి.
* కొత్త మనిషి మీద అనుమానం వస్తే పేరు, ఊరు అడగండి, మంచినీళ్లివ్వండి, పోలీసులకు ఫోన్ చేయండి. గుంపును మాత్రం పిలవకండి.
* అమ్మానాన్నలతో ఈ వారమే ఒక మాట చెప్పండి: 'ఎలాంటి ఫోన్ వచ్చినా ముందు నాకు చెప్పండి. ఏం జరిగినా తిట్టను.' చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

భయం పూర్తిగా పోయే రోజు రాకపోవచ్చు. పేరు మార్చుకుని, వేషం మార్చుకుని మళ్లీ వస్తుంది. నిన్న వీడియోగా వచ్చింది, నేడు కాల్‌గా వస్తోంది, రేపు మన పిల్లల గొంతుతోనే మాట్లాడొచ్చు. అది వచ్చేసరికి, మనం తలుపు తట్టి నిజమా కాదా అని అడగడానికి ఒక ఇల్లుందా, మన ముఖం చూసి 'ఏమైంది?' అని అడిగే మనిషి ఒకరున్నారా అన్నదే చూసుకోవాలి. ఉంటే సరే. లేకపోతే... ఎదురింటివాళ్ల పేరేమిటో తెలుసుకోవడంతో మొదలుపెట్టొచ్చు.